డాక్టర్ హూ చూడాలంటే 2005 ‘రోజ్’తో మొదలుపెట్టండి

డాక్టర్ హూ, అంటే కాలంలో ప్రయాణించే ‘డాక్టర్’ కథల బ్రిటిష్ సైన్స్ ఫిక్షన్ టీవీ సీరియల్, చూద్దామనుకునేవాళ్లని ముందు కంగారు పెట్టేది మొదటి సీజన్ ఏదన్నదే. అలాంటివి మూడున్నాయి. 1963లో బీబీసీలో మొదలైనది ఒకటి. 1989లో ఆగిపోయాక 2005లో తిరిగొచ్చినది ఇంకొకటి. 2024లో మళ్లీ ఒకటి నుంచి లెక్కపెట్టినది మూడోది. ఏళ్ల తరబడి చూస్తున్నాను, విజయనగరంలో మా ఇంట్లోవాళ్లకీ స్నేహితులకీ చూపించాను. ఎవరడిగినా 2005 నాటి ‘రోజ్’ ఎపిసోడే చెబుతాను.

రోజ్ లండన్‌లో ఓ పెద్ద షాపులో పనిచేసే పిల్ల. షాపు మూసేవేళ కింది అంతస్తుకి వెళితే, బట్టలు తొడిగి నిలబెట్టే బొమ్మలు కదిలి మీదికొస్తాయి. ఎవరో చెయ్యి పట్టుకుని ‘పరుగెత్తు’ అంటాడు. అతనే డాక్టర్. అతనెవరో, అతను కాలంలో తిరిగే ఆ నీలం పెట్టె లోపల అంత పెద్దగా ఎలా ఉందో రోజ్‌కీ తెలియదు, మనకీ తెలియదు. తను అడుగుతుంటే మనకీ ఒక్కొక్కటే తెలుస్తుంది. అందుకే పాత కథ ఏమీ చదువుకోనక్కర్లేదు. గ్రాఫిక్స్ మాత్రం పాతబడ్డాయి, చెత్తడబ్బా త్రేన్చే సీను దగ్గర ఆపేయకండి.

సిరిమానోత్సవానికి పుట్టింటికొచ్చిన మా అప్పకి ఇదే పెట్టాను. ‘ఏటిది, బొమ్మలు నడుస్తున్నాయేటి!’ అంటూనే కూర్చుంది. ఎనిమిదో ఎపిసోడ్ ‘ఫాదర్స్ డే’కి వచ్చేసరికి కంచంలో అన్నం అలాగే ఉండిపోయింది. 1987లో కారు గుద్ది చనిపోయిన తండ్రిని రోజ్ కాలంలో వెనక్కి వెళ్లి కాపాడేస్తుంది. దాంతో కాలమే గాయపడుతుంది. సంగతి గ్రహించిన తండ్రి, తనంతట తానే ఆ కారుకి ఎదురెళ్తాడు. ఆ మనిషి ముఖంలో భయమూ, కూతుర్ని చూసిన తృప్తీ రెండూ కనిపిస్తాయి. సైన్స్ ఫిక్షన్ మనకెందుకు అనేవాళ్లకి ఇంతకన్నా మంచి జవాబు నాకు తెలియదు.

ఆ సీజన్ పదమూడు ఎపిసోడ్ల చివర డాక్టర్‌గా వేసిన క్రిస్టఫర్ ఎకిల్‌స్టన్ వెళ్లి డేవిడ్ టెన్నెంట్ వస్తాడు. 1966లో మొదటి డాక్టర్‌గా వేసిన విలియం హార్ట్‌నెల్ ఆరోగ్యం బాగోక తప్పుకోవాల్సి వచ్చినప్పుడు, డాక్టర్ శరీరం మారుతుందని కథలోనే కలిపేశారు. సీరియల్ ఇన్నేళ్లు బతికిందంటే ఆ ఒక్క ఆలోచన వల్లే.

చాలామంది 2007 నాటి ‘బ్లింక్’ ముందు చూడమంటారు. రెప్ప వేస్తే కదిలే రాతి దేవదూతలు అద్భుతమే, కానీ అందులో డాక్టర్ కనిపించేదే కొద్దిసేపు. దాని వంతు వచ్చినప్పుడు చూస్తేనే అందం. 2024తో మొదలుపెట్టినా అర్థమవుతుంది గానీ, దాని ముగింపులో వచ్చే విలన్ 1975 నాటివాడు. కొత్తవాళ్లకి ఆ ఉలికిపాటు అందదు.

1963 నుంచి వరసగా చూడాలని పట్టుపట్టకండి. బీబీసీ టేపులు చెరిపేయడంతో అరవైల నాటి ఎపిసోడ్లు చాలా పోయాయి. పాతవాటి మీద ఆసక్తి పుడితే 1979 నాటి ‘సిటీ ఆఫ్ డెత్’ చూడండి. పారిస్, మోనాలిసా దొంగతనం, అప్పటి డాక్టర్ టామ్ బేకర్ నవ్వు. నాలుగు భాగాలే, ఒక్క పూటలో అయిపోతుంది.