దీర్ఘకాలిక దద్దుర్లకు యాంటీహిస్టమిన్లు: ఏళ్ల వాడకం తర్వాత ఏది ఎలా ఉంది

ఆరు వారాలు దాటినా ఆగకుండా వచ్చిపోయే దద్దుర్లకు సెటిరిజిన్, లెవోసెటిరిజిన్, ఫెక్సోఫెనడిన్, బిలాస్టిన్ ఏళ్ల తరబడి మార్చి మార్చి వాడాక రాస్తున్నాను. ఏ బిళ్ల అన్నదానికన్నా దాన్ని ఎలా వేసుకుంటున్నామన్నదే ఎక్కువ తేడా చూపిస్తుంది. దద్దురు లేచాక వేసుకుంటే అప్పటికే హిస్టమిన్ (ఒంట్లో దురద, దద్దుర్లు పుట్టించే రసాయనం) తన పని చేసేసి ఉంటుంది. దురద ఉన్నా లేకున్నా రోజూ ఒకే వేళకి పడాలి.

సెటిరిజిన్ 10 మి.గ్రా. త్వరగా అందుకుంటుంది, సుమారు గంటలో దురద సద్దుమణుగుతుంది. లోపం మగత. లెవోసెటిరిజిన్ 5 మి.గ్రా. దానిలోంచి వేరుచేసిన పనిచేసే భాగమే కాబట్టి, మొదటిది పనిచేయనప్పుడు దీనికి మారితే పెద్దగా ఒరిగేది ఉండదు. రెండూ రాత్రిపూటకే నప్పుతాయి. కిడ్నీలు బలహీనంగా ఉంటే డోసు తగ్గించాలి. మరొకటి చాలామందికి తెలియదు: నెలలు, ఏళ్లు వాడి వీటిని ఆపేస్తే, కొద్ది రోజుల్లోనే ఒళ్లంతా భరించలేని దురద అరుదుగా కొందరికి వస్తుంది. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2025లో దీనిపై హెచ్చరిక ఇచ్చింది. దద్దుర్లు లేకుండా ఒట్టి దురదే ఉంటే ముందు దీన్నే అనుమానించి డాక్టర్‌కి చెప్పాలి.

పగలు డ్రైవింగ్, చదువు, యంత్రాల పని ఉన్నవాళ్లకు నా ఓటు ఫెక్సోఫెనడిన్ 180 మి.గ్రా.కే. మగత దాదాపు ఉండదు. కానీ దీన్ని మంచినీళ్లతోనే మింగాలి. నారింజ, ఆపిల్, గ్రేప్‌ఫ్రూట్ రసాలు పేగులో మందును లోపలికి చేర్చే రవాణాను అడ్డుకుంటాయి, ఒంటికి పట్టేది బాగా తగ్గిపోతుంది. అల్యూమినియం, మెగ్నీషియం ఉన్న యాంటాసిడ్ కూడా దీనికి పక్కన పడకూడదు.

బిలాస్టిన్ 20 మి.గ్రా. కూడా మగతలో అంతే తేలిక. దానికి పరగడుపు కావాలి: తిండికి గానీ పళ్లరసానికి గానీ గంట ముందు, లేదా తిన్న రెండు గంటల తర్వాత. టిఫిన్‌తో పాటు మింగి ‘ఇది పనిచేయదు’ అనేస్తే మందుకు అన్యాయం చేసినట్టే.

క్లోర్‌ఫెనిరమిన్, హైడ్రాక్సిజిన్ లాంటి పాతతరం మందులు రోజువారీ వాడకానికి వద్దు. అవి మెదడులోకి చేరి నిద్ర నాణ్యతను చెడగొడతాయి, మర్నాడు బుర్ర మొద్దుబారుతుంది, నోరు ఎండుతుంది.

మామూలు డోసుకు రెండు నుంచి నాలుగు వారాలు గడువివ్వాలి. చాలకపోతే డాక్టర్ పర్యవేక్షణలో అదే మందును నాలుగు రెట్ల వరకు పెంచవచ్చని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. రెండు మూడు రకాలు కలిపి వేసుకోవడం కన్నా ఇదే మేలు, ఏది పనిచేస్తోందో స్పష్టంగా తెలుస్తుంది. ఇక్కడ జరిగే ప్రమాదకరమైన తప్పు కాంబినేషన్ బిళ్లలతో: లెవోసెటిరిజిన్‌తో మాంటెలుకాస్ట్ (ఆస్తమా, అలర్జీలకు వాడే మరో రకం మందు) కలిసిన బిళ్లను రెట్టింపు చేస్తే మాంటెలుకాస్ట్ కూడా రెట్టింపవుతుంది. దానికి మనోస్థితిని దెబ్బతీసే ప్రభావాలున్నాయి. డోసు పెంచాలంటే విడి బిళ్లే ఉండాలి.

మందుల్ని పోల్చడానికి జ్ఞాపకాన్ని నమ్మవద్దు. రోజూ దద్దుర్లకు 0 నుంచి 3, దురదకు 0 నుంచి 3 మార్కులు వేసి వారానికి కూడండి. గరిష్ఠం 42. చర్మ వైద్యులకు యూఏఎస్7 పేరుతో పరిచయమైన లెక్కే ఇది. ఆ వారంలో ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వేసుకుంటే పక్కన రాయండి. కొందరిలో ఇవి దద్దుర్లను రేపుతాయి, ఆ నింద యాంటీహిస్టమిన్ మీద పడుతుంది. నాలుగు రెట్ల డోసుకూ దద్దుర్లు లొంగకపోతే నాలుగు వారాలకోసారి ఇచ్చే ఒమాలిజుమాబ్ 300 మి.గ్రా. ఇంజెక్షన్ గురించి అడగండి.

ఒకే దద్దురు 24 గంటలు దాటి ఉండి, నొప్పి పెట్టి, కమిలిన మచ్చ వదిలితే అది రక్తనాళాల వాపు కావచ్చు, డాక్టర్‌కి చూపించాలి. నాలుక వాచినా, ఊపిరి అందకపోయినా ఈ బిళ్లలతో కాలయాపన చేయకుండా వెంటనే అత్యవసర చికిత్సకు వెళ్లాలి.