అప్రెంటిస్‌లతో ఆరేళ్లు: రాయగడ లేత్ వర్క్‌షాప్ అనుభవం

ఒడిశాలోని రాయగడలో మాది చిన్న లేత్ వర్క్‌షాప్. లేత్ అంటే ఇనుప ముక్కను గిరగిరా తిప్పుతూ చెక్కే మెషిన్. అందరం కలిపి పదకొండు మందిమి. రైస్ మిల్లుల షాఫ్టులు, బుష్‌లు, ట్రాక్టర్ సామాన్లు చేస్తాం. 2019లో మొదటి అప్రెంటిస్‌ను, అంటే స్టైపెండ్ తీసుకుంటూ పని నేర్చుకునే కుర్రాణ్ణి, తీసుకున్నాను, ఇప్పటికి తొమ్మిది మంది వచ్చారు. 30 మందీ ఆపైన ఉన్న సంస్థలకే అప్రెంటిస్‌లను తీసుకోవడం తప్పనిసరి. నాలుగు నుంచి 29 మంది ఉన్న మాలాంటి వాళ్లకు ఇష్టమైతేనే. నాకు మాత్రం అవసరమై పెట్టుకున్నాను. మా పెద్ద మేస్త్రికి చూపు తగ్గుతోంది. ఆయన చేతిలోని పని ఇంకొకరికి అందుతుందా లేదా అని టెన్షన్.

అందరూ ముందు అడిగేది ఖర్చు. 2019 నిబంధనల్లో చదువును బట్టి నెలకు కనీసం 5,000 నుంచి 9,000 రూపాయల స్టైపెండ్ అని పెట్టారు. అందులో 25 శాతం, 1,500 మించకుండా, కేంద్రం భరిస్తుంది. 2023 నుంచి ఆ వాటా నేరుగా పిల్లల ఖాతాలోనే పడుతోంది. ఒక కుర్రాడి ఖాతాకు ఆధార్ కలిసిందో లేదో చూసుకోలేదు, అతని వాటా కొన్ని నెలలు ఆగింది. చేర్చుకునే రోజే అది చూసుకోండి. పీఎఫ్, ఈఎస్‌ఐ కట్టక్కర్లేదు. గడువు అయ్యాక ఉద్యోగం ఇచ్చి తీరాలనీ లేదు. కానీ పనిలో గాయమైతే పరిహారం బాధ్యత మనదే.

ఆ గాయం మాటే నన్ను మార్చింది. మొదట్లో ఐటీఐ పాసై వచ్చారు కదా అని రెండో రోజే మెషిన్ మీద నిలబెట్టేవాణ్ణి. ఒకరోజు ఒకతను చక్ కీ (ఇనుప ముక్కను పట్టుకునే చక్‌ను బిగించే తాళం) తీయకుండానే స్విచ్ వేశాడు. కీ ఎగిరి గోడకు తగిలింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు గానీ, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తప్పు వాడిది కాదు, నాదే.

అప్పటి నుంచి ఎవరొచ్చినా మొదటి ఆరు వారాలు లేత్ ముట్టనివ్వను. ఆ రోజులకూ స్టైపెండ్ పూర్తిగా ఇస్తాను. ఆకురాయి పట్టడం, వెర్నియర్ చదవడం, బిట్ సాన పట్టడం, షాపు ఊడ్చి సామాను సర్దడం, ఇంతే. నేరుగా పదో తరగతి నుంచి వచ్చే పిల్లలకు అప్రెంటిస్ పథకంలోనే ముందు బేసిక్ ట్రైనింగ్ ఉంటుంది. నేను ఐటీఐ వాళ్లకూ పెట్టాను.

మా దగ్గర భాష కూడా నేర్పాలి. మేస్త్రీలు తెలుగులో మాట్లాడతారు, పిల్లలు చదివింది ఒడియాలో, కొందరి ఇంట్లో కుయి అనే గిరిజన భాష. పెద్ద మేస్త్రి పనిముట్ల పేర్లు మూడు భాషల్లో గోడ మీద రాయించారు. "చక్ కీ చేతిలో ఉన్నంతసేపూ స్విచ్ వైపు చూడకు నాయనా" అని రోజూ చెబుతారు. విసుగు లేదు ఆయనకు.

ఆ ఆరు వారాల పద్ధతి మొదలయ్యాక, లేత్ మీద చేసే సామాన్లు పాడవడం బాగా తగ్గింది. వరి కోతలప్పుడు మిల్లు షాఫ్ట్ రాత్రిపూట విరిగితే, బేరింగ్ కూర్చునే చోటు కొలత తప్పకుండా తిప్పగల చేతులు ఇప్పుడు మాకు మూడున్నాయి. బయట నుంచి టర్నర్‌ను, అంటే లేత్ పనివాణ్ణి, తెచ్చుకుంటే మా మిల్లుల సంగతి తెలియడానికే ఏడాది పడుతుంది. తొమ్మిది మందిలో నలుగురు మా దగ్గరే ఉన్నారు. బాగా పని వచ్చిన ఒకతను విశాఖపట్నం వెళ్లిపోయాడు, బాధేసింది. ఇలా కొందరు పోతారని లెక్కలో వేసుకునే దిగాలి.

వచ్చే బ్యాచ్‌లో తొలిసారి ఒక అమ్మాయి వస్తోంది, టర్నర్ ట్రేడే. ఆమె వచ్చేలోగా షాపు వెనక విడిగా మరుగుదొడ్డి కట్టిస్తున్నాను. గోడలు లేచాయి, తలుపు బిగించాలి.