పాత బుల్లెట్‌కి కొత్త సామాను: ఏళ్లు తోలాక ఏది నిలబడింది, ఏది వదిలేశాను

1984 మోడల్ బుల్లెట్ స్టాండర్డ్ 350. మా మేనమామ వాడి వాడి చివరికి మూలన పెట్టేసిన బండి. మల్కాజిగిరిలో మా ఇంటి వరండాలో నేనే విప్పి, ఇంజన్ పాతదే ఉంచి, బ్రేకు, కరెంటు, స్పార్కు మాత్రం ఈ కాలం సామానుతో మళ్లీ కట్టుకున్నాను. ఆరేళ్లు పైనే అయింది. కట్టిన కొత్తలో ఏ బండైనా బాగానే ఉంటుంది, పెయింటు మెరుస్తుంది, సెల్‌ఫోన్‌లో ఫొటోలు బాగా వస్తాయి. నాలుగు ఎండాకాలాలు, నాలుగు వానాకాలాలు దాటాకే ఏ పార్టు అసలు రంగు ఏమిటో బయటపడుతుంది. ఇలాంటి పని మొదలుపెడదామని చూస్తున్నవాళ్ల కోసం రాస్తున్నాను.

ఒక్క ముక్కలో నా అభిప్రాయం: బండి ఆగడానికి కొత్తది పెట్టండి, రాత్రి కనిపించడానికి కొత్తది పెట్టండి, స్పార్కుకి కొత్తది పెట్టినా పాతది పారేయకండి, ఇంజన్ జోలికి మాత్రం పోకండి.

ముందు బ్రేకు సంగతి. ఆ కాలం బుల్లెట్‌కి ముందు చక్రానికి డ్రమ్మే, అదీ ఒకే లీడింగ్ షూ, అంటే లోపలి రెండు బ్రేకు షూలలో గట్టిగా పట్టేది ఒకటే. ఎనభైల నాటి హైదరాబాద్ రోడ్ల మీద సరిపోయిందేమో గానీ, ఇప్పుడు బేగంపేట ఫ్లైఓవర్ దిగుతుంటే ముందున్న క్యాబ్ హఠాత్తుగా ఆగిపోయిందంటే, లీవరు హ్యాండిల్‌కి అంటుకునేదాకా నొక్కినా బండి తన ఇష్టం వచ్చినప్పుడు ఆగుతుంది. అందుకని పుత్లీబౌలిలో తిరిగి తిరిగి బుల్లెట్‌లోనే తర్వాత వచ్చిన ఎలక్ట్రా డిస్క్ మోడల్‌వి ఫోర్కు కాళ్లు, హబ్బు, కాలిపర్ (ప్యాడ్లతో డిస్కుని నొక్కి పట్టేది), డిస్కు సెకండ్‌హ్యాండ్‌లో పట్టాను. మాస్టర్ సిలిండర్, హోస్ పైపు మాత్రం కొత్తవే కొన్నాను, ఆ రెండిట్లో సెకండ్‌హ్యాండ్ అనే మాటే వద్దు. పైన హెడ్‌లైట్ కూర్చునే కాస్కెట్ పాతదే ఉంచాను, కాబట్టి దూరం నుంచి చూస్తే బండి ముఖం మారలేదు.

ఈ పనిలో అందరూ తేలిగ్గా తీసుకునేది మరల విషయం, అంటే నట్టు బోల్టుల చుట్ల సంగతి. పాత బుల్లెట్ పుట్టుక ఇంగ్లాండ్‌ది, మద్రాసులో తయారైనా అంగుళాల లెక్కే, బీఎస్ఎఫ్ అనే పాత బ్రిటిష్ కొలత మరలు, సైకిల్ మరలు. కొత్త సామాను అంతా మిల్లీమీటర్లు. రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి, చేత్తో రెండు చుట్లు ఎక్కుతాయి కూడా, ఆ తర్వాతే పట్టేస్తాయి. బాలానగర్‌లో నాకు స్పేసర్ కోసి ఇచ్చిన లేత్ ఆయన నా చేతిలోని బోల్టు చూసి, "అన్నా, ఇది మిల్లీమీటర్లది, మీదేమో ఇంచుల బండి. బలవంతంగా బిగిస్తే ఇయ్యాల కూసుంటది, రేపు మర మొత్తం పట్టుకొని ఊడొస్తది" అన్నాడు. ఆ రోజే ఒక థ్రెడ్ గేజ్, అంటే మర కొలత పోల్చి చూసే పనిముట్టు, కొన్నాను. టూల్‌కిట్‌లో డబ్బుకి తగ్గ విలువ ఇచ్చింది ఏదంటే అదే. రాణిగంజ్‌లో కొన్ని పాత హార్డ్‌వేర్ దుకాణాల్లో అంగుళాల బోల్టులు ఇంకా దొరుకుతాయి, కాకపోతే నమూనా పట్టుకెళ్లాలి, నోటితో చెబితే పని జరగదు.

డిస్క్ ఇన్నేళ్లలో అడిగింది చాలా తక్కువ. ప్యాడ్లు, ఫ్లూయిడ్, ఒకసారి కాలిపర్ సీళ్లు. బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలోని తేమ పీల్చుకుంటుంది, మన వానాకాలం తర్వాత రంగు ముదిరి టీ డికాక్షన్‌లా కనిపిస్తుంది, అప్పుడు మార్చేయడమే. బ్లీడింగ్, అంటే పాత ఫ్లూయిడ్‌ని, పైపులో చేరిన గాలిని బయటికి పంపడం, ఇంట్లోనే చేసుకోవచ్చు, ఒక పారదర్శకమైన ట్యూబు, ఒక సీసా, లీవరు నొక్కడానికి ఇంట్లో ఒక మనిషి చాలు. వెనక డ్రమ్ము అలాగే వదిలేశాను. వెనక కూడా డిస్కు పెట్టమని చెప్పేవాళ్లు చెబుతూనే ఉంటారు, ఈ బండి పోయే వేగానికి దాని అవసరం నాకెప్పుడూ కనిపించలేదు.

ఇక స్పార్కు. అసలు గొడవంతా ఇక్కడే. పాత బుల్లెట్‌లో పాయింట్లు ఉంటాయి, అంటే తెరుచుకుంటూ మూసుకుంటూ స్పార్కు పుట్టించే చిన్న స్విచ్చు లాంటివి, వాటి మధ్య సందు దాదాపు 0.4 మిల్లీమీటర్లు ఉండాలి. కొన్నాళ్లకు అరుగుతాయి, మాడతాయి, సందు మారుతుంది, సందు మారితే టైమింగ్ మారుతుంది, పొద్దున్నే ఆఫీసుకి బయల్దేరే టైముకి కిక్కు కొట్టి కొట్టి చొక్కా తడిసిపోతుంది. పాయింట్ల బదులు ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ కిట్ పెట్టాక ఆ తంటా పోయింది. ఐడిలింగ్ నిలకడగా వచ్చింది, చలికాలం పొద్దున కూడా బుద్ధిగా స్టార్టయ్యేది. ఇది నిజంగా మంచి మార్పు.

కానీ ఎవరూ చెప్పని ఒక నష్టం ఉంది. పాయింట్లున్న బండిలో కీ తిప్పి, కిక్కర్‌ని మెల్లగా కిందికి నొక్కుతుంటే హెడ్‌లైట్ పక్కనున్న యామీటర్ (కరెంటు ఎటు, ఎంత పోతోందో చూపే మీటర్) ముల్లు ఎడమకి పడి ఉంటుంది. పిస్టన్ కంప్రెషన్ చివరికి రాగానే పాయింట్లు విడిపోయి ముల్లు మధ్యకి వచ్చి నిలబడుతుంది. అక్కడ డీకంప్రెసర్ లీవరు (సిలిండర్‌లోని ఒత్తిడి వదిలేసేది) పట్టి, కిక్కర్‌ని ఇంకాస్త దించి, లీవరు వదిలి, కిక్కర్‌ని పూర్తిగా పైకి రానిచ్చి ఒక్క నిండు తన్ను తంతే చాలు, కాలికి ఎదురుదెబ్బ కొట్టకుండా బండి లేస్తుంది. నేను పెట్టిన కిట్‌లో ఇంజన్ తిరగకపోతే కాయిల్‌కి కరెంటే వెళ్లదు, కాబట్టి ముల్లు ఏమీ చెప్పదు. ఇప్పుడు కాలికి తగిలే బరువుని బట్టే తెలుసుకోవాలి. నాకు అలవాటైంది. బండి అడిగి తీసుకెళ్లిన మా బావమరిది మాత్రం చుక్కలు చూసి, తాళం ఇచ్చేసి మెట్రోలో పోయాడు.

రెండో విషయం ఇంకా ముఖ్యం. మొదట పెట్టిన కిట్ చవకది, పేరు అనవసరం. మే నెల ఎండలో వికారాబాద్ దారిలో మాడ్యూల్, అంటే కిట్‌లోని ఎలక్ట్రానిక్ డబ్బా, చచ్చిపోయింది. మధ్యాహ్నం, పక్కన ఒక వేపచెట్టు, చుట్టూ కంది కొయ్యకాళ్లు తప్ప ఇంకేమీ లేవు. పాయింట్లు పాడైతే ఉప్పుకాగితం పెట్టి రుద్దొచ్చు, మాడ్యూల్ పోతే దాన్ని చూస్తూ కూర్చోవడం తప్ప చేయగలిగింది లేదు. అదృష్టం ఏమిటంటే పాత పాయింట్ల ప్లేటు, కండెన్సర్ రెండూ ఒక గుడ్డలో చుట్టి టూల్‌బాక్స్‌లో పడేసి ఉంచాను, కిట్ బిగించేటప్పుడే డిస్ట్రిబ్యూటర్ మీద ప్లేటు ఎక్కడుందో సూదిమొనతో గీత గీసి పెట్టాను. ఆ గీతకి గీత కలిపి, మందపాటి విజిటింగ్ కార్డుతో సందు చూసి బిగిస్తే ఇంటిదాకా వచ్చేసింది. ఆ తర్వాత పేరున్న కంపెనీ కిట్ కొన్నాను, మాడ్యూల్‌ని ఇంజన్ వేడి తగలని చోటికి మార్చాను, మళ్లీ ఇబ్బంది రాలేదు. అయినా ఆ గుడ్డమూట టూల్‌బాక్స్‌లోనే ఉంది.

వైరింగ్ పూర్తిగా కొత్తది. నా బండిది 6 వోల్టుల సిస్టమ్, దాన్ని 12కి మార్చాలంటే స్టేటర్, రెగ్యులేటర్, బ్యాటరీ, కాయిల్, హారన్, బల్బులు అన్నీ మారాలి. ఒకటి మార్చి రెండోది తర్వాత చూద్దాం అంటే కుదరదు. వైరు, ఫ్యూజులు, రిలేలు ట్రూప్ బజార్‌లో తీసుకొని హార్నెస్ నేనే అల్లాను. ఇక్కడ రెండు మాటలు చెప్పాలి. ఒకటి, జాయింట్లు టంకం వేయకండి, క్రింప్ చేయండి, అంటే లోహపు తొడుగులో వైరు పెట్టి నొక్కి బిగించండి. సింగిల్ సిలిండర్ అదురుకి టంకం పక్కన వైరు విరుగుతుంది, పైన తొడుగు అలాగే ఉంటుంది కాబట్టి ఎక్కడ విరిగిందో వెతకడానికే ఒక ఆదివారం పోతుంది. రెండు, చాసిస్‌కి పౌడర్ కోటింగ్ వేయిస్తే అది కరెంటుని పోనివ్వదు. ఎర్త్ (కరెంటు తిరిగి వెళ్లే దారి) బిగించే చోట్ల కోటింగ్ గీకేసి మెరిసే ఇనుము కనబడాలి. నేనైతే బ్యాటరీ నుంచి ఇంజన్‌కి నేరుగా ఒక లావుపాటి ఎర్త్ వైరు వేశాను. ఇండికేటర్లు వేస్తే హెడ్‌లైట్ మిణుకుమనడం, హారన్ కొడితే బండి ఆగిపోవడం లాంటి వింత జబ్బులన్నీ చాలావరకు ఎర్త్ సరిగా లేకే వస్తాయి.

ఎల్ఈడీ హెడ్‌లైట్ పెట్టాను, తీసేశాను. ఫిలమెంటు బల్బు కోసం చేసిన పాత రిఫ్లెక్టర్‌లో ఎల్ఈడీ బల్బు దూరిస్తే వెలుగు చెల్లాచెదురవుతుంది. ఎదుటివాడి కళ్లలో పడుతుంది, మనకి గుంత మాత్రం కనిపించదు. పైగా నేను పెట్టినవి అదురుకో వేడికో ఎక్కువకాలం నిలవలేదు. ఇప్పుడు మంచి రిఫ్లెక్టర్, మామూలు హాలోజన్. వెనక లైటు, ఇండికేటర్లు మాత్రం ఎల్ఈడీలే, అవి భేషుగ్గా ఉన్నాయి. ఇండికేటర్లు మార్చేవాళ్లు వాటిని మిణుకుమనిపించే ఫ్లాషర్ కూడా మార్చాలి, లేకపోతే పిచ్చిపట్టినట్టు టకటకా కొట్టుకుంటాయి.

కార్బురేటర్‌లో పెద్దగా చెప్పడానికేం లేదు. పాత 24 ఎంఎం మిక్‌కార్బ్ తీసి 28 ఎంఎం మికునీ పెట్టి చూశాను. శబ్దంలో, పికప్‌లో కొంచెం హుషారు వచ్చింది, మైలేజీ పడిపోయింది, ట్రాఫిక్‌లో ట్యూనింగ్‌తో విసుగొచ్చింది. ఈ బండి హాయిగా పోయేది అరవై, డెబ్బై మధ్యే, ఔటర్ రింగ్ రోడ్డు మెయిన్ రోడ్డు మీదికి టూవీలర్లని ఎలాగూ రానివ్వరు, మరి ఆ హుషారు ఏం చేసుకోను? పాతదే కొత్త జెట్, కొత్త నీడిల్ వేసి మళ్లీ బిగించాను. పెట్రోలు విషయంలో మాత్రం జాగ్రత్త. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపింది. పాత రబ్బరు పైపులు గట్టిపడి పగులుతాయి, నెలల తరబడి కదలకుండా పెడితే ట్యాంకు లోపల తుప్పు మొదలవుతుంది. ఇథనాల్‌కి తట్టుకునే పైపు వేయండి, బండిని ఎక్కువ రోజులు ఆపేటట్టుంటే కార్బురేటర్ ఖాళీ చేయండి.

ఇంజన్‌లో నేను చేసింది సిలిండర్ బోర్ చేయించి ఓవర్‌సైజ్ పిస్టన్ వేయించడం, వాల్వులు కూర్చోబెట్టించడం, అంతే. టాపెట్లు, అంటే వాల్వుల దగ్గరి సందు, చల్లటి ఇంజన్ మీద చూసుకుంటాను, పిస్టన్ కంప్రెషన్ చివర పైన ఉన్నప్పుడు వాల్వుని కదిపే పుష్‌రాడ్ వేళ్లతో తిప్పితే తేలిగ్గా తిరగాలి, పైకీ కిందికీ మాత్రం ఆడకూడదు. ఆయిల్ 20డబ్ల్యూ50. ఎక్కువ రోజులు నిలబెడితే ఆయిల్ మెల్లగా పంపు గుండా జారి క్రాంక్‌కేసులోకి దిగుతుంది, స్టార్ట్ చేయగానే పొగ, బ్రీదర్ పైపులోంచి ఆయిల్. చూసి ఇంజన్ పోయిందని బెంబేలెత్తి మెకానిక్ దగ్గరికి పరిగెత్తొద్దు, వారానికోసారి బండి తీస్తే ఆ సమస్యే ఉండదు. గేరు కుడివైపే, ఒకటి పైకి, మూడు కిందికి. దాన్ని ఎడమకి మార్చే కిట్లున్నాయి. నాకు నచ్చదు, అంత కష్టమైతే 2023లో వచ్చిన కొత్త బుల్లెట్ కొనుక్కోవచ్చు, సెల్ఫ్ స్టార్ట్ కూడా ఉంటుంది.

డబ్బు సంగతి అడిగేవాళ్లే ఎక్కువ. బండి ఇంట్లోదే కాబట్టి దానికి ఖర్చు లేదు, మిగతాదంతా కలిపితే లక్షకి కాస్త అటూ ఇటూగా అయింది. అందులో పెద్ద వాటా ఇంజన్ పనికి, పౌడర్ కోటింగ్‌కి, క్రోమ్‌కి పోయింది. క్రోమ్ దండగ, రెండో వానాకాలానికే మడ్‌గార్డు అంచులు ఉబ్బాయి. ఆ డబ్బు టైర్ల మీద పెట్టి ఉంటే బాగుండేది అని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది, కాదనలేను.

చివరగా కాగితాలు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి భిన్నంగా బండిని మార్చకూడదు, 2019లో సుప్రీంకోర్టు కూడా ఇదే ఖాయం చేసింది. ఆ ఏడాది సవరణ తర్వాత ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, లేదంటే రెండూ పడొచ్చు. నేను వేసిన డిస్కు కూడా అక్షరాలా చూస్తే ఆ పరిధిలోకే వస్తుంది, అది తెలిసే వేశాను, మీరూ తెలుసుకొనే దిగండి. చాసిస్ కోయడం, ఇంజన్ మార్చడం, చెవులు పగిలే సైలెన్సర్ బిగించడం లాంటివి అస్సలు వద్దు. రంగు మారిస్తే ఆర్‌సీలో ఎక్కించుకోండి. పదిహేనేళ్లు దాటిన బండికి ఐదేళ్లకోసారి ఆర్‌సీ రెన్యువల్, గ్రీన్ ట్యాక్స్ ఎలాగూ ఉంటాయి. ఆ రెన్యువల్‌లో చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీస్తారు. పౌడర్ కోటింగ్ మందంగా పడితే అంకెలు పూడిపోయి అచ్చు రాదు. అందుకే కోటింగ్‌కి ఇచ్చే ముందు ఆ నంబరు మీద వేడికి తట్టుకునే టేపు మీరే దగ్గరుండి వేయించండి, తీసుకొచ్చాక అక్కడ కాస్త గ్రీజు రాసి ఉంచితే తుప్పు కూడా పట్టదు.