మాడ వీధిలో అరికాళ్లకు ఏది మేలు?

మే నెల మిట్టమధ్యాహ్నం తిరుమల మాడ వీధిలో చెప్పుల్లేకుండా నడిస్తే తెలుస్తుంది ఎండ సంగతి. రాయీ సిమెంటూ వేడిని తాగి దాచుకుంటాయి, అడుగు పెట్టగానే గబుక్కున కాలికి ఎక్కిస్తాయి. అందుకే అక్కడ తెల్లటి కూల్ పెయింట్ వేస్తారు, తివాచీలూ పరుస్తారు.

తెలుపు ఎండను చాలావరకు తిప్పికొడుతుంది కాబట్టి నేలే తక్కువ కాగుతుంది. కానీ వేల పాదాల మురికి పట్టి రంగు మాసిందంటే ఆ గుణం తగ్గిపోతుంది. తివాచీ దారి వేరు. అదీ ఎండకు బాగానే కాగుతుంది, కాకపోతే వేడిని కాలికి మెల్లగా వదులుతుంది. నీళ్లు చల్లితే ఇంకా హాయి, ఆరేదాకానే అనుకోండి.

నడకకు నా ఓటు తడి తివాచీకే. తిరుపతిలో మా మిద్దెకు మాత్రం తెల్ల సున్నమే. అక్కడ పూటపూటా తివాచీ ఎవరు తడుపుతారు?