మోడల్ రైల్వే మ్యాగజైన్లు: ఏళ్ల తరబడి చదువుతూ, పక్కనే లేఅవుట్ కట్టుకుంటూ

మోడల్ రైల్వే అంటే ఇంట్లో బోర్డు మీద చిన్న సైజు పట్టాలు పరిచి రైళ్లు నడుపుకునే హాబీ. దాని మ్యాగజైన్లు డబ్బు పెట్టి కొనాలా, వీడియోలు చాలవా అని చాలామంది అడుగుతుంటారు. కొనమనే చెప్తాను. కాకపోతే ముందు మీ గదిలో చిన్నదో పెద్దదో ఒక బోర్డు ఉండాలి, దాని మీద కొంచెమైనా ట్రాక్ పరిచి ఉండాలి. అది లేకుండా చదివితే అవి మంచి ఫొటోలున్న పుస్తకాలు, అంతే. ట్రాక్ వేయడం మొదలుపెట్టాక అవే పేజీల్లో అంతకుముందు కంటికి ఆనని సంగతులు కనబడతాయి. స్టేషన్ చివర పాయింట్ (రైలు ఒక లైన్ నుంచి ఇంకో లైన్‌కి మారే చోటు) దాటాక ఇంజన్‌కి ఎంత చోటు వదిలారు, రైలు కనుమరుగయ్యే చోట వంతెన పెట్టారా చెట్లు పెట్టారా, బోర్డులు కలిసే అతుకుని దేనితో కప్పారు, ఇలాంటివన్నమాట. నాకు చదవడం, కట్టడం రెండూ కలిసే నడుస్తున్నాయి కాబట్టి ఈ సమీక్ష కూడా రెండిటి గురించీ.

ఎక్కువగా చదివేవి రెండు. అమెరికా పత్రిక మోడల్ రైల్‌రోడర్, 1934 జనవరిలో మొదలైంది. బ్రిటన్ పత్రిక రైల్వే మోడలర్, అది 1949 నుంచి వస్తోంది. హాబీ ఒకటే అయినా రెండిటి ధోరణి వేరు. అమెరికా పత్రికలో ఇంటి కింద బేస్‌మెంట్ మొత్తం నిండిన లేఅవుట్లు (బోర్డుల మీద కట్టిన మొత్తం రైల్వే), గోడల వెంట తిరిగి తిరిగి వెళ్లే మెయిన్ లైన్లు, ఒక్కో వ్యాగన్‌కి ఒక కార్డు, ఆ కార్డులో సరుకు ఎక్కడినుంచి ఎక్కడికో రాసిన చీటీ. బ్రిటిష్ పత్రికలో గోడకి కొట్టిన షెల్ఫ్ మీద చిన్న టెర్మినస్ (లైన్ ముగిసే స్టేషన్), తెర వెనకాల రైళ్లు నిలిపి ఉంచే ఫిడిల్ యార్డ్. చోటు తక్కువున్నవాళ్లకి బ్రిటిష్ పత్రికే ఎక్కువ పనికొస్తుంది, ఇందులో నాకు అనుమానం లేదు. కానీ ట్రాక్ వేశాక రైళ్లతో ఏం చేయాలి, ఊరికే గుండ్రంగా తిప్పకుండా ఒక పనిలా ఎలా నడపాలి అన్నది నేర్పింది మాత్రం అమెరికా పత్రికే.

రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివేవాళ్లు స్కేల్, అంటే అసలు రైలుకి మోడల్ ఎన్నో వంతు అన్న విషయంలో కొంచెం జాగ్రత్తగా ఉండాలి. హెచ్‌ఓ అంటే 1:87, బ్రిటిష్ ఓఓ అంటే 1:76.2, రెండూ పరిగెత్తేది 16.5 మి.మీ. ట్రాక్ మీదే. అందుకే ఓఓ ఇంజన్‌ని ఎదురుగా చూస్తే కింద ట్రాక్ ఇరుగ్గా అనిపిస్తుంది. ఆ స్కేల్‌కి లెక్క ప్రకారం 18.83 మి.మీ. ఉండాలి. అది సహించలేనివాళ్లు పట్టాలు తామే చేసుకుంటారు, వాళ్ల వ్యాసాలు చదువుతుంటే ఆ ఓపికకి దండం పెట్టాలనిపిస్తుంది.

ఏ సంచికలోనైనా నేను మొదట తెరిచేది ట్రాక్ ప్లాన్ ఉన్న పేజీ. పెన్సిల్, స్కేలు పక్కన పెట్టుకునే చదువుతాను. ఉదాహరణకి హెచ్‌ఓలో 24 మీటర్ల నిజమైన పెట్టె దాదాపు 27.5 సెం.మీ. అవుతుంది. నాలుగు పెట్టెలంటే 110. ఆ రైలు వచ్చి ఆగాక ఇంజన్ విడిపోయి పక్క లైన్ మీదుగా అటు చివరకి వెళ్లి తగులుకోవాలంటే రెండు వైపులా రెండు పాయింట్లు కావాలి, మీడియం పాయింట్ ఒక్కోటి 22 సెం.మీ. దాకా తింటుంది, ఆపైన ఇంజన్ నిలబడటానికి ఇంకో పాతిక. అంటే కేవలం ఆ ఒక్క పనికే 180 సెం.మీ. పోయింది, ఇంకా స్టేషన్ బయట అంగుళం ట్రాక్ కూడా వేయలేదు! ప్లాన్ చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉన్నా ఈ లెక్క వేసి చూస్తే గానీ అది మన గదిలో పడుతుందో లేదో తేలదు. మలుపులూ అంతే. హెచ్‌ఓలో 18 అంగుళాల రేడియస్ మీద చిన్న వ్యాగన్లు హాయిగా తిరుగుతాయి, పొడుగు పెట్టెలు తిరిగినా చూడ్డానికి బాగుండవు, 30 అంగుళాలు ఇవ్వగలిగితే అసలు ఆ అందమే వేరు.

అంత చోటు లేనివాళ్లకి, ఉన్నా సరే కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి, నేను మొట్టమొదట చెప్పేది ఇంగిల్‌నుక్ సైడింగ్స్ అనే, వ్యాగన్లు వరసగా సర్దే చిన్న పజిల్ లేఅవుట్. బ్రిటన్‌కి చెందిన అలన్ రైట్ ఆలోచన ఇది. రెండే పాయింట్లు, మూడు సైడింగులు (వ్యాగన్లు నిలిపే పక్క లైన్లు). ఒకదాంట్లో ఐదు వ్యాగన్లు పడతాయి, మిగతా రెండిట్లో మూడేసి, ఇంజన్ నిలిచే వైపు ఇంజన్‌తో పాటు మూడు వ్యాగన్లు. మొత్తం ఎనిమిది వ్యాగన్లుంటాయి, చీటీలు తీసి ఐదింటిని ఎంచుకుని, ఆ వచ్చిన వరసలోనే రైలు తయారుచేయాలి. వినడానికి చిన్నపిల్లల ఆటలా ఉంటుంది. ఎనిమిదిలోంచి ఐదింటిని వరసగా పేర్చే తీర్లు 6720 ఉన్నాయని తెలిశాక, పైగా మిగతా మూడు వ్యాగన్లు అడ్డమొచ్చాక అప్పుడు తెలుస్తుంది దాని మజా. నా పెద్ద లేఅవుట్ కన్నా దీని మీదే ఎక్కువసేపు గడుపుతాను, ఎవరైనా ఇంటికొస్తే వాళ్లూ దీని దగ్గరే కూర్చుంటారు. పైగా నిదానంగా నడపడం, కప్లింగులు (పెట్టెలు తగిలించే కొక్కేలు) సరిచూసుకోవడం, పట్టాలు శుభ్రంగా ఉంచుకోవడం అన్నీ ఇదే నేర్పుతుంది.

వీడియో కన్నా పేపర్ మీద చదవడమే మేలని నాకు గట్టిగా అనిపించేది బ్యాలస్ట్ పరిచేటప్పుడు. పొడి కంకర పట్టాల మధ్య పోసి మెత్తటి బ్రష్‌తో స్లీపర్ల పైభాగం కనబడేదాకా సర్దాలి. తర్వాత నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క కలిపి సన్నగా స్ప్రే చేయాలి, తర్వాతే నీళ్లు కలిపిన తెల్ల జిగురు డ్రాపర్‌తో చుక్కచుక్కగా వదలాలి. ముందు తడపకపోతే జిగురు చుక్క లోపలికి ఇంకదు, ఉండలా పైనే నిలబడి కంకరని తనతో లాక్కుని గుంట చేస్తుంది. పాయింట్ కదిలే బ్లేళ్ల దగ్గరకి జిగురు పోనివ్వకూడదు, అక్కడ ఎండితే పాయింట్ ఇక కదలదు. ఇదంతా వరసగా ఫొటోలతో ఉన్న పేజీని బల్ల మీద తెరిచిపెట్టుకుని చేస్తుంటే, జిగురు చేతులతో ఫోన్ ముట్టుకునే పని ఉండదు, వెనక్కి జరిపి మళ్లీ చూసే పనీ ఉండదు. రాత్రంతా కదపకుండా వదిలేస్తే పొద్దునకి గట్టిపడుతుంది.

పాత సంచికలు దొరికితే వదలకండి. బోర్డు చట్రం కట్టడం, కొండలు చేయడం, అట్టతో ఇళ్లు కట్టడం, వీటిలో అప్పటి రాతలు ఇప్పటికీ అక్షరాలా పనికొస్తాయి. పాతబడింది కరెంటు భాగం ఒక్కటే. అప్పట్లో పట్టాలని సెక్షన్లుగా కోసి, ఒక్కో సెక్షన్‌కి ఒక స్విచ్ పెట్టి, 12 వోల్టుల డీసీతో నడిపేవాళ్లు. 1990ల్లో డీసీసీ (ఒక్కో ఇంజన్‌కి డిజిటల్ ఆదేశాలు పంపి నడిపే పద్ధతి) ప్రమాణాలు వచ్చాక పట్టాల్లో ఎప్పుడూ కరెంటు ఉంటుంది, ఇంజన్లోని డీకోడర్ తన అడ్రస్‌కి వచ్చిన ఆదేశాన్నే వింటుంది. అయినా ఆ పాత సెక్షన్ల వ్యాసాలు ఒకసారి చదివి పెట్టుకోవడం మంచిది. డీసీసీలో ఎక్కడో ఒకచోట షార్ట్ అయితే దానికి కలిసున్న రైళ్లన్నీ ఆగిపోతాయి, అప్పుడు లేఅవుట్ ముందే భాగాలుగా విడగొట్టి ఉంటే తప్పు ఎక్కడుందో త్వరగా దొరుకుతుంది, లేకపోతే ఆ సాయంత్రమంతా టెన్షనే.

నచ్చనివి కూడా చెప్పాలి. కొత్త ఇంజన్ల సమీక్షలు చాలాచోట్ల మరీ మెతకగా ఉంటాయి. రంగు బాగుంది, చెక్కడం బాగుంది అంటారు గానీ ఎంత బరువు లాగింది, ఎంత నిదానంగా నడిచింది అన్నది అంకెల్లో ఇచ్చేవాళ్లనే నేను నమ్ముతాను. రెండోది, అందమైన లేఅవుట్ వ్యాసం ఎనిమిది పేజీలిచ్చి కింద వైరింగ్ ఎలా ఉందో ఒక్క ఫొటో వేయరు. బోర్డు కింద ఫొటో ఒకటి ప్రతి వ్యాసంలో తప్పనిసరి చేస్తే కొత్తవాళ్లకి ఎంత మేలో!

చందా ఏడాదికి కట్టేముందు రెండు మూడు విడి సంచికలు తెప్పించుకుని చూడండి, మీ స్కేల్‌లో మీ గదిలో పట్టే ప్లాన్లు ఎన్ని వచ్చాయో లెక్కపెట్టండి. డిజిటల్ కాపీ వెతుక్కోవడానికి మేలు, బల్ల మీద పనికి పేపరే మేలు. నేనైతే ప్రతి సంచిక అట్ట లోపలివైపు పనికొచ్చే పేజీ నంబర్లు పెన్సిల్‌తో రాసిపెడతాను, "వంతెన 34, కప్లింగ్ ఎత్తు 51" అని. కొత్త పని మొదలుపెట్టేముందు ఆ అట్టలు తిరగేస్తే చాలు.