జర్మనీలో యజమాని దివాలా: జీతం బకాయికి రెండు గడువులు

జర్మనీలో యజమాని దివాలా తీసినప్పుడు, రాని జీతం రాబట్టుకోవడానికి కార్మికుడికి రెండు దారులుంటాయి. దివాలా విచారణ మొదలవడానికి ముందరి 3 నెలల నికర జీతాన్ని ప్రభుత్వ ఉపాధి సంస్థ ‘ఇన్సాల్వెంట్స్‌గెల్ట్’ పేరుతో చెల్లిస్తుంది. అయితే దరఖాస్తు విచారణ మొదలైన నాటి నుంచి 2 నెలల్లోపు చేరాలి, తన తప్పు లేకుండా ఆలస్యమైతేనే, అడ్డంకి తొలగిన నాటి నుంచి మరో 2 నెలలు దొరుకుతాయి. దివాలా వ్యవహారాలు చూసేందుకు కోర్టు నియమించిన నిర్వాహకుడు ఇవ్వాల్సిన జీతం ధ్రువపత్రం కోసం ఆగడం పెద్ద పొరపాటు. దయచేసి దరఖాస్తు ముందే ఇచ్చేయండి, ఆ పత్రాన్ని తర్వాత జతచేయవచ్చు.

అంతకు ముందరి పాత బకాయిలను నిర్వాహకుడి వద్ద నమోదు చేయించాలి. దీనికి కోర్టు 2 వారాల నుంచి 3 నెలల వరకు గడువిస్తుంది. అది దాటినంత మాత్రాన హక్కు పోదు గానీ, ప్రత్యేక పరిశీలన ఖర్చు ఆలస్యం చేసినవారి మీదే పడుతుంది, చేతికి సాధారణంగా కొంత భాగమే వస్తుంది.