పల్లెకు పనికొచ్చే బీపీ మిషన్: 5కి 4 మార్కులు

పలమనేరు, పుంగనూరు పల్లెల్లో ఇంటికి కాకపోయినా వీధికొకటి ఉండాల్సింది, జబ్బకు కట్టే డిజిటల్ బీపీ మిషన్. పక్షవాతమో గుండెపోటో వచ్చేదాకా బీపీ ఉందన్న సంగతే తెలియనివాళ్లు ఎందరో. మణికట్టుకు కట్టే రకం మాత్రం వద్దు. చెయ్యి కాస్త కిందికి దిగినా అంకె మారిపోతుంది.

కొనేముందు పట్టీ కొలత చూడండి. మామూలుగా వచ్చేది 22 నుంచి 32 సెంటీమీటర్ల జబ్బకే. లావు జబ్బకు చిన్న పట్టీ కడితే బీపీ ఎక్కువ చూపిస్తుంది, సన్న జబ్బకు పెద్దది కడితే తక్కువ. ఈ ఒక్క కారణంగానే ఒక మార్కు తగ్గించాం: పెద్ద పట్టీ చాలావాటికి విడిగా కొనాలి.

పొలం నుంచి వచ్చీ రాగానే చూడకూడదు. కాఫీ, బీడీ తాగాక అరగంట ఆగాలి. వీపు ఆనించి, కాళ్లు నేలకు పెట్టి 5 నిమిషాలు కూర్చోవాలి. చెయ్యి గుండె ఎత్తులో బల్లమీద, పట్టీ అంచు మోచేతి మడతకు రెండు వేళ్ల పైన ఉండాలి. చొక్కా చెయ్యి బిగుతుగా పైకి మడిస్తే ఆ మడతే జబ్బను నొక్కి లెక్క తప్పిస్తుంది. చొక్కా విప్పడమే మేలు. చూసేటప్పుడు మాటలొద్దు. నిమిషం ఆగి మళ్లీ చూసి, రెండూ రాసుకోవాలి.

వరసగా వారం చూసినా సగటు 135/85 దాటుతుంటే ఆ చీటీతో డాక్టరును కలవాలి. 180/120 దాటి ఛాతీనొప్పో, ఆయాసమో, మూతి వంకరో ఉంటే వెంటనే 108కి ఫోన్ చెయ్యండి.

పట్టీ అంటుకునేచోట దుమ్ము, నూలుపోగులు చేరితే మధ్యలో ఊడిపోతుంది. పాత పళ్ల బ్రష్‌తో దువ్వితే చాలు.